దేవుని గురించి తెలుసు, కానీ దేవుణ్ణి ఎరుగుదుమా? తేడా ఏమిటి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆవగింజ (ప్రశ్న):

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

బైబిల్లోని 66 పుస్తకాల పేర్లు వరసగా చెప్పగలిగినవాళ్లుంటారు. ఏ ప్రవక్త ఏ రాజు కాలంవాడో తడుముకోకుండా చెబుతారు. త్రిత్వం గురించి అడిగితే వచనాలతో సహా జవాబిస్తారు. అదే మనిషిని "దేవునితో నీకు వ్యక్తిగత సంబంధం ఉందా?" అని అడిగితే మాట తడబడుతుంది. ప్రతి సంఘంలోనూ ఇలాంటివాళ్లు ఉన్నారు. ఈ ప్రశ్న అలాంటివాళ్లందరి తరఫున అడుగుతున్నాను అనుకోండి.

"దేవుణ్ణి వ్యక్తిగతంగా తెలుసుకోండి" అని ప్రసంగాల్లో తరచూ వింటాం. మరి పొద్దున్నే లేచి ఏం చేయాలో విడమరచి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే మూడు సంగతులు అడుగుతున్నాను. ఈ తేడా లేఖనంలో నిజంగా ఉందా, లేక ఈమధ్య పుట్టిన మాటా? ఉంటే, చదివి సంపాదించిన జ్ఞానం ఎరుకగా మారాలంటే ఏం చేయాలి? ఆఖరిది, ఇదంతా అనుభూతికి సంబంధించినదేనా? కన్నీళ్లు రాకపోతే ఎరగనట్టేనా?

"ఇంకా ప్రార్థించండి" అన్న ఒక్క మాటతో వదిలేయకండి, దయచేసి.

బెరయవాసి:

వందనాలండి. మీ మొదటి ప్రశ్న వరకు చెబుతాను. మిగతా రెండూ ఆచరణలో నాకంటే అనుభవమున్నవాళ్లు చెబితే బాగుంటుంది.

ఇది కొత్త మాట కాదు. 1 సమూయేలు 2, 3 అధ్యాయాలు ఒకే కూర్చున్నపాటున చదవండి. 2:12లో ఏలీ కుమారులు "యెహోవాను ఎరుగనివారు" అని ఉంది. వాళ్లు యాజకులు! బలిపశువులో ఏ భాగం ఎవరికి చెందుతుందో వాళ్లకి తెలియక కాదు. తెలిసే, క్రొవ్వు దహించకముందే పచ్చిమాంసం బలవంతంగా లాక్కునేవారు. తర్వాతి అధ్యాయంలో, 3:7లో, సమూయేలు గురించి కూడా అదే మాట: "సమూయేలు అప్పటికి యెహోవాను ఎరుగకుండెను". ఆ పిల్లవాడు మందసం (దేవుని ఆజ్ఞల పలకలున్న పెట్టె) ఉన్న చోటనే పడుకునేవాడు, పొద్దున్నే మందిరపు తలుపులు తీసేవాడు. సేవలో ఉన్నాడు, ఎరుక లేదు.

కానీ ఈ రెండు "ఎరగకపోవడాలు" ఒకటి కావు, ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఏలీ కుమారులది తెలిసీ లక్ష్యపెట్టనితనం. సమూయేలుది ఇంకా పిలుపు వినని స్థితి. పిలుస్తున్నది యెహోవాయేనని ఏలీ చెప్పాక అతడు "నీ దాసుడు ఆలకించుచున్నాడు" అన్నాడు. తనకు ఎరుక లేదని బాధపడేవాడు ముందుగా తేల్చుకోవలసింది తాను ఈ ఇద్దరిలో ఎవరి పక్కన నిలబడ్డాడన్నది. మందు రెండింటికీ ఒకటి కాదు.

క్రొత్త నిబంధనలో దీనికి సాటి వచ్చే దృశ్యం మత్తయి 2లో ఉంది. క్రీస్తు ఎక్కడ పుడతాడని హేరోదు రాజు అడిగితే ప్రధానయాజకులు, శాస్త్రులు మీకా గ్రంథం ఎత్తి బేత్లెహేమని సరిగ్గా చెప్పారు. యెరూషలేము నుంచి బేత్లెహేముకు సుమారు 9 కిలోమీటర్లు. వాళ్లలో ఒక్కడైనా బయలుదేరినట్టు మత్తయి రాయలేదు. నడిచి వెళ్లింది తూర్పుదేశపు జ్ఞానులు. యోహాను 5:39-40లో యేసు చెప్పింది కూడా ఇదే: లేఖనాలు పరిశోధిస్తారు, అవి నా గురించే సాక్ష్యమిస్తాయి, కానీ మీరు నా దగ్గరికి రానొల్లరు. ఆయన పరిశోధనను తప్పుపట్టలేదు. అది గమ్యం చేరకుండా మధ్యలో ఆగిపోవడాన్ని తప్పుపట్టాడు.

పదాల విషయం కూడా చెప్పుకోవాలి. హీబ్రూలో "యాదా" అనే క్రియ సమాచారానికీ వాడతారు, అతి దగ్గరి సంబంధానికీ వాడతారు. ఆదికాండము 4:1లో మన బైబిలు "హవ్వను కూడినప్పుడు" అని అనువదించిన చోట మూలంలో ఉన్నది ఈ క్రియే. మన భాషలోనూ ఈ తేడా పలుకుతుంది. "నాకు ఆయన గురించి తెలుసు" అంటాం, "నేను ఆయన్ని ఎరుగుదును" అంటాం. మొదటిదానికి ఎదుటి మనిషితో పని లేదు, రెండోదానికి ముఖపరిచయం కావాలి. యోహాను 17:3లో "ఎరుగుటయే నిత్యజీవము" అని మన అనువాదకులు రాసిన మాట చాలా చక్కగా కుదిరింది.

క్రొత్త నిబంధన మూలభాష గ్రీకు విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. అందులో "ఎరుగు" అనడానికి గినోస్కో, ఓయిదా అని రెండు క్రియలున్నాయి. "గినోస్కో అంటే అనుభవజ్ఞానం, ఓయిదా అంటే తల జ్ఞానం" అని గీత గీసి బోధిస్తుంటారు. యోహాను 8:55లో ఈ గీత నిలవదు. "మీరు ఆయనను ఎరుగరు" అన్నప్పుడు గినోస్కో, "నేనాయనను ఎరుగుదును" అన్నప్పుడు ఓయిదా వాడారు. యేసుకు తండ్రిని గూర్చి ఉన్నది తల జ్ఞానమని ఎవరూ అనలేరు కదా! తేడా ఉన్నది వాస్తవం. కానీ దాన్ని నిఘంటువు మీద కాదు, సమూయేలు లాంటి సందర్భాల మీద నిలబెట్టాలి.

ఓలీవకొమ్మ:

బెరయవాసి గారు చెప్పిన చోటినుంచే ఆచరణలోకి వస్తాను.

23వ కీర్తన తెరవండి, కంఠతా వచ్చినా సరే తెరిచి చూడండి. మొదటి మూడు వచనాల్లో దావీదు దేవుణ్ణి "ఆయన" అంటాడు. ఆయన పచ్చికగల చోట్ల పరుండజేస్తాడు, ఆయన నా ప్రాణానికి సేదదీరుస్తాడు. నాలుగో వచనంలో గాఢాంధకారపు లోయ వస్తుంది. అక్కడ హఠాత్తుగా "నీవు నాకు తోడై యుందువు" అని సంబోధన మారిపోతుంది. దేవుని గురించి చెబుతున్నవాడు దేవునితోనే మాట్లాడటం మొదలుపెట్టాడు. మీరు అడిగిన మార్పు ఇంతే, ఇక్కడే జరుగుతుంది. చదివిన ప్రతి "ఆయన"నీ "నీవు"గా మార్చి ఆయనకే తిరిగి చెప్పడం అలవాటు చేసుకోండి.

దీన్ని రోజూ ఎలా చేయాలంటే, మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలు, దాదాపు 680 వచనాలు. రోజుకు పన్నెండు వచనాల చొప్పున, ఒక సంఘటన మధ్యలో తెగకుండా చూసుకుంటే ఎనిమిది వారాలు పడుతుంది. సమయం 20 నిమిషాలు చాలు. గంటతో మొదలుపెట్టినవాళ్లు పది రోజుల్లో మానేయడమే ఎక్కువ. ఫోన్‌లో బైబిల్ వద్దు, పుస్తకం పెట్టుకోండి. ఫోన్‌లో వచ్చే ఒక్క నోటిఫికేషన్ చాలు, ఆ 20 నిమిషాలూ పోతాయి.

ముందు ఆ భాగాన్ని పెదవులు కదిలేలా, చెవికి వినపడేలా రెండుసార్లు చదవండి. కళ్లతో చదివితే తెలిసిన కథ కాబట్టి జారిపోతుంది. నోటితో చదివితే తెలియని మాట దగ్గర నాలుక ఆగుతుంది. రెండోసారి చదివాక ఒకే ప్రశ్న వేసుకోండి: ఇక్కడ యేసు ఎలాంటివాడుగా కనపడుతున్నాడు? "ఈ భాగం నుంచి నేను నేర్చుకోవలసిన పాఠాలేమిటి?" అని వేసుకోవద్దు. ఆ ప్రశ్న చూపును మళ్లీ మన మీదికే తిప్పుతుంది.

ఒక భాగం చేసి చూపిస్తాను. మార్కు 10:46-52, బర్తిమయి అనే గుడ్డి భిక్షకుడి కథ. గుంపు ఊరకుండమని గద్దిస్తుంది, వాడు మరీ ఎక్కువగా కేకలు వేస్తాడు. 49వ వచనంలో "యేసు నిలిచి" అని ఉంది. యెరూషలేముకు, సిలువకు వెళుతున్నవాడు ఒక భిక్షకుడి కేకకి ఆగాడు. ఇక్కడ పుస్తకం మీద వేలు పెట్టి, "ప్రభువా, నువ్వు ఆగేవాడివి. నేను పిలిస్తే విసుక్కోవు" అని ఆయనతో చెప్పండి. తర్వాత 51లో ఆయన అడుగుతాడు: "నేను నీకేమి చేయగోరుచున్నావు?" సరిగ్గా పదిహేను వచనాల ముందు, 36లో, తన శిష్యులైన యాకోబు యోహానులనూ ఆయన ఇదే ప్రశ్న అడిగాడు. వాళ్లు కుడిఎడమల ఆసనాలు అడిగారు, గుడ్డివాడు చూపు అడిగాడు. ఇప్పుడు అదే ప్రశ్న మిమ్మల్ని అడుగుతున్నాడనుకుని, నిజమైన జవాబు చెప్పండి. భక్తిగా వినపడే జవాబు వద్దు. మీరు నిజంగా కోరుకుంటున్నది ఆసనమే అయితే, ఆసనమని ఒప్పుకోండి. ప్రార్థన అక్కడ నిజమవుతుంది.

ఆఖరున ఆ రోజు సాయంత్రంలోగా చేయగల ఒక్క విధేయత కాగితం మీద రాసుకోండి. "ఇక ప్రేమగా ఉంటాను" అని రాస్తే లాభం లేదు. "ఎవరి మాట మధ్యలో తుంచేశానో వాళ్లకి ఫోన్ చేసి క్షమాపణ అడుగుతాను" అని రాయండి. 1 యోహాను 2:3 ప్రకారం ఆయనను ఎరిగియున్నామని తెలిసేది ఆయన ఆజ్ఞలు గైకొన్నప్పుడు. విధేయత లేకుండా నెలల తరబడి ధ్యానం చేస్తే కొత్త సంగతులు తెలుస్తాయి గాని, దగ్గరితనం పెరగదు. యిర్మీయా 22:16 ఇంకా సూటిగా ఉంటుంది. యోషీయా రాజు దీనుల, దరిద్రుల వ్యాజ్యెం తీర్చాడని చెప్పి, నన్ను తెలిసికొనుట ఇదే కదా అని దేవుడే అడుగుతాడు.

ఎక్కువగా చెడేది ఎక్కడంటే, సంవత్సరంలో బైబిలు ముగించే ప్రణాళిక దగ్గర. 1189 అధ్యాయాలకు రోజుకు మూడు నాలుగు చదవాలి. నాలుగు రోజులు తప్పితే పదమూడు అధ్యాయాల బాకీ పడుతుంది, ఇక చదువు బాకీ తీర్చుకోవడమే అవుతుంది. ఆ ప్రణాళిక మంచిదే, బైబిలు మొత్తం రూపం తెలియడానికి అది కావాలి. కానీ దాన్ని వేరే సమయంలో పెట్టుకోండి, ఈ 20 నిమిషాల్లో కలపకండి. సండే స్కూల్ పాఠం, ప్రసంగం తయారీ కూడా అంతే. ఇతరులకు వడ్డించడానికి చదివేవాడు తాను తినడం మరచిపోతాడు. బోధకులకు ఈ ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువ.

ఇంకొకటి ప్రార్థన భాష. "మహోన్నతుడా, సర్వశక్తిమంతుడా, సర్వోన్నత స్థలములలో నివసించు తండ్రీ" అంటూ రెండు నిమిషాల బిరుదులు, ఆ తర్వాత మనవుల జాబితా. బిరుదులు తప్పు కాదు. కానీ అవి ఆలోచించకుండానే నోటికి వస్తున్నాయంటే మత్తయి 6:7లోని "వ్యర్థమైన మాటలు" అవే. ఒక వారం పాటు ఒకే సంబోధనతో, "తండ్రీ" అని మాత్రమే ప్రార్థించి చూడండి. ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక మౌనం వస్తుంది. ఆ మౌనాన్ని వెంటనే నింపేయకండి.

గోధుమగింజ:

ఓలీవకొమ్మ గారు రాసినవన్నీ పాటించదగ్గవే. కానీ ఒక మాట ముందు చెప్పాల్సింది. అది లేకుండా ఇవి చేస్తే మరో మతాచారమవుతుంది.

మత్తయి 11:27: కుమారుడు ఎవనికి బయలుపరచ నుద్దేశిస్తాడో వాడు తప్ప మరి ఎవడూ తండ్రిని ఎరుగడు. 20 నిమిషాల క్రమం దేవుణ్ణి మన దగ్గరికి లాక్కొచ్చే పనిముట్టు కాదు. ఆయన తనను తాను బయలుపరచుకుంటాడు, మనం వినే చోట కూర్చుంటాం. పౌలు గలతీయులకు "దేవుని ఎరిగినవారును" అని రాస్తూనే సవరించుకుని, "మరి విశేషముగా దేవునిచేత ఎరుగబడినవారునై యున్నారు" అన్నాడు (4:9). భయపెట్టే వచనం కూడా అటునుంచే వస్తుంది. మత్తయి 7:22లోని వాళ్లు ప్రవచించారు, దయ్యాలను వెళ్లగొట్టారు, అద్భుతాలు చేశారు. తీర్పు మాత్రం "మీరు నన్ను ఎరుగరు" అని కాదు, "నేను మిమ్మును ఎన్నడును ఎరుగను" అని.

అందుకే విశ్వాస కుటుంబంలో పుట్టి పెరిగినవాళ్లు ఒక ప్రశ్న దాటవేయకూడదు: మారుమనస్సు పొంది, క్రీస్తు నా పాపాల కోసం చనిపోయాడని ఆయన మీద ఆనుకున్నానా, లేక అది నా ఇంటివాళ్ల నమ్మకమేనా? నికొదేము ఇశ్రాయేలుకు బోధకుడు, అయినా అతనితో యేసు మొదట మాట్లాడింది క్రొత్తగా జన్మించడం గురించే. దేవుడొక్కడే అని నమ్మడం చాలదని యాకోబు 2:19 చెబుతుంది. దయ్యాలు కూడా నమ్మి వణకుతున్నాయి. వాటి సిద్ధాంతంలో తప్పు లేదు.

ఈ మెట్టు దాటినవాళ్లకి అడ్డు సాధారణంగా ఒకటి రెండు చోట్లే ఉంటుంది. దాచుకున్న పాపం (కీర్తన 66:18), తెగిపోయిన మనుషుల సంబంధం (మత్తయి 5:23-24). భార్యతో సరిగా లేని భర్త ప్రార్థనకు అభ్యంతరం కలుగుతుందని పేతురు కచ్చితంగా రాశాడు (1 పేతురు 3:7). వీటిని వదిలేసి ఉపవాస దినాలు పెంచుకుంటూ పోతే ఫలితం ఉండదు. పాపాన్ని పేరు పెట్టి ఒప్పుకోండి. "తెలిసీ తెలియక చేసిన పాపములు" అని మొత్తంగా కట్టగట్టి కాదు.

ఆవగింజ:

చాలా కృతజ్ఞతలు అందరికీ. "ఆయన" నుంచి "నీవు"కి మారడం అన్నది ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. మౌనంగా కూర్చున్నప్పుడు లోపల వచ్చే మాట దేవునిదో, నా ఆలోచనో ఎలా తెలుస్తుంది? ఎనిమిది వారాలు చేసినా లోపల ఏమీ కదలకపోతే?

దీపస్తంభం:

మొదటిదానికి: లోపల వచ్చే మాటను వెంటనే "దేవుడు నాతో చెప్పాడు" అనకండి. "ఇలా అనిపిస్తోంది" అనండి. ఈ చిన్న మాట మార్పు చాలా నష్టాలను ఆపుతుంది. ప్రత్యేకించి పెళ్లి, ఉద్యోగం, డబ్బు విషయాల్లో. ఆ తలంపు లేఖనానికి విరుద్ధమైతే అక్కడే వదిలేయండి. విరుద్ధం కాకపోతే, పొగిడే అలవాటు లేని ఇద్దరు పరిణతి ఉన్న విశ్వాసులకు చెప్పి, కొన్నాళ్లు ఆగండి. సమస్తాన్నీ పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమని 1 థెస్సలొనీకయులు 5:21లో ఉంది. నిజంగా దేవుని నడిపింపు అయితే పరీక్షకు తట్టుకుంటుంది. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనాన్ని జవాబుగా తీసుకునే పద్ధతి మాత్రం పూర్తిగా మానండి. సందర్భం నుంచి తెంచిన వచనంతో ఎవరు ఏదైనా రుజువు చేయగలరు.

ఇక అనుభూతి. మీరు మొదటే అడిగిన మూడో ప్రశ్న ఇది. మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైన జాన్ వెస్లీ 1728లో ఆంగ్లికన్ (ఇంగ్లండు) సంఘంలో యాజకుడిగా అభిషేకం పొందాడు, అమెరికాలోని జార్జియాకు మిషనరీగా వెళ్లివచ్చాడు. అంతా అయ్యాక 1738 మే 24న లండన్‌లో ఒక కూటంలో రోమా పత్రికకు సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన ముందుమాట చదువుతుండగా తన హృదయం వింతగా వెచ్చబడిందని, తాను క్రీస్తును మాత్రమే నమ్ముకున్నానని రాసుకున్నాడు. దీన్ని సాక్ష్యంగా తరచూ చెబుతారు. చెప్పనిదేమిటంటే, ఎనిమిది నెలలు తిరగకముందే, 1739 జనవరిలో, తాను ఇప్పుడు క్రైస్తవుణ్ణి కానని అదే డైరీలో రాశాడు. వెచ్చదనం వచ్చింది, తగ్గింది. ఆయన మాత్రం ఆగకుండా ప్రకటిస్తూనే ఉన్నాడు. అనుభూతి దేవుడిచ్చే వరమే, వస్తే కృతజ్ఞత చెప్పండి. కానీ దానితో కొలవకండి. కొలత కావాలంటే వేరే ఉన్నాయి: ఆరు నెలల క్రితం కంటే తొందరగా క్షమిస్తున్నానా, పాపం చేశాక ఆయన నుంచి పారిపోతున్నానా ఆయన దగ్గరికే వస్తున్నానా, ఎవరూ చూడని చోట ఎలా ఉన్నాను. ఇవి మన కంటే ముందు ఇంట్లోవాళ్లకి కనపడతాయి. ధైర్యముంటే వాళ్లనే అడగండి.

ఎనిమిది వారాల తర్వాత కూడా ఎండినట్టుంటే, ముందు ఒంటిని చూసుకోండి. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు అతనికి వెంటనే బోధ చేయలేదు. పడుకోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ తినమన్నాడు. మెల్లని స్వరం వినపడింది ఆ తర్వాత, నలభై రోజుల ప్రయాణం అయ్యాక. రాత్రి ఐదు గంటలే నిద్రపోతూ పొద్దున్నే ధ్యానం కుదరడం లేదని బాధపడేవాళ్లు ముందు నిద్ర సరిచేసుకోవాలి. వారాల తరబడి దేనిమీదా ఆసక్తి లేకుండా దిగులుగా ఉంటే అది విశ్వాసలోపమని తేల్చేయకుండా డాక్టర్‌ని కలవండి.

ఒళ్లు బాగానే ఉండి, దాచిన పాపమూ లేక, అయినా ఎండిపోయి ఉంటే, అప్పటికి మార్కు పక్కన పెట్టి కీర్తనలకు రండి. ముందు 13వది. ఆరు వచనాలే. మొదటి రెండింట్లోనే దావీదు ఎన్నాళ్లు, ఎంతవరకు అని దేవుణ్ణి నిలదీస్తాడు. ఆ మాటల్ని మీ మాటలుగా పైకి చదవండి. ఇలా మాట్లాడటం అవిశ్వాసం కాదు. పరిచయం లేనివాణ్ణి ఎవరూ ఇలా నిలదీయరు. 13వ కీర్తన చివర ఆనందంలోకి తిరుగుతుంది. మీది తిరగకపోతే 88కి వెళ్లండి. దానికి అలాంటి మలుపు లేదు, చీకటితోనే ముగుస్తుంది. అయినా మొదటి వచనంలో "నాకు రక్షణకర్తవగు దేవా" అని పిలిచినవాడు ఆఖరి వచనం వరకూ ఆ దేవునితోనే మాట్లాడుతున్నాడు. పద్దెనిమిది వచనాల్లో ఒక్కచోట కూడా "నీవు" అన్నది "ఆయన"గా మారదు.